ముప్పై రూపాయల బిళ్ళ

బయట లారీ ఉరుముతా ఉండాది.
కర్నూలు రోడ్డు దాకా వినపడేట్టు రెండుసార్లు హారన్.
లోపల వే బిల్లు సగంలో ఉంది,
బండి నంబరు కొట్టి బరువు దగ్గరికొచ్చేసరికి
తెర మీద బాణం రాయైపోయింది.

చీమకుర్తిలో రాయి ఏం కొత్త!
కానీ ఇది మా నల్లరాయి కాదు, బంగారు చుక్కల్లేవు.
తెల్లగా, నోరు తెరిచి మాట మరిచిన మనిషిలా.

మౌసు జరిపా. మూడు మీటలు ఒక్కసారే నొక్కా.
బల్ల కింద పెట్టెను అరచేత్తో తట్టా,
తేన్పు రాని పసిబిడ్డను తట్టినట్టు.
ఆపి, వేసి, ఆపి, వేశా.
లేచింది. లేస్తూనే మూలన ఎర్రడబ్బా:
మీ రక్షణ గడువు ముగిసింది.

కొన్నా కదే తల్లీ పోయిన శుక్రవారం!
పన్నెండొందలు. రసీదు ఫోన్లో ఉండాది.
ఆ అంకెలన్నీ ఒకటొకటే చదివి కొట్టా.
ఈసారి ఇంకో మాట:
మీ సభ్యత్వం ఇంకా మొదలు కాలేదు.
ముగిసిందంట, మొదలే కాలేదంట.
ఏ పంచాయితీలోనూ ఇట్టాంటి సాక్షిని చూడలా.

డ్రైవరు ఏకాంబరం లోపలికొచ్చి నీళ్ళడిగాడు.
గ్లాసు ఎత్తుకునే ఒక చూపు చూసి
"మా బండైతే ముందు రేడియేటర్ చూస్తాం మేడం" అన్నాడు.

బస్టాండు కాడ కొట్టు నించి సలోమి వచ్చింది,
స్కూటీ డిక్కీలో స్క్రూడ్రైవర్లు, చిన్న బ్లోయరు.
పక్క రేకు ఊడదీస్తే
లోపల బూడిదరంగు కంబళి పరిచినట్టు రాతిపిండి.
ఫ్యాను రెక్కలు అందులో కూరుకుపోయి ఉన్నాయి.
"ఊపిరాడక ఆగిపోతాంది అక్కా" అంది.

కిటికీ పక్క మంచం మీంచి కాశిం తొంగి చూశాడు.
పద్దెనిమిదేళ్ళు క్వారీలో డ్రిల్లు పట్టిన మనిషి.
వాకిట్లో బ్లోయరు పెడితే లేచిన పొగమబ్బును చూసి
"ఆ మందం నా దగ్గర గూడా ఉండాది పాపా,
దీనికి స్క్రూలు లేవు" అని నవ్వాడు.
ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది.
సలోమి బ్లోయరు ఆపేసింది.

మళ్ళీ బిగించింది. ఫ్యాను తిరిగింది.
ఎర్రడబ్బా మాత్రం అట్నే ఉంది.
అప్పుడు తెర కింది మూలకు వేలు పెట్టి చూపించింది:
జనవరి ఒకటి, రెండువేల పదకొండు.

లోపల బిళ్ళంత బ్యాటరీ చచ్చిపోయిందంట.
కరెంటు పోయినప్పుడల్లా ఇది అన్నీ మరిచి
పుట్టినరోజు దగ్గరికి పోయి కూచుంటదంట.
పదకొండులో ఉన్నదానికి
పోయిన శుక్రవారం ఎట్టా తెలుస్తది?
దాని తప్పేం లేదు.

పదకొండులో
ఈయన తెల్లారకముందే డ్రిల్లు భుజానేసుకుని పోయేవాడు.
పొద్దుగూకి పిండిమర మనిషిలా వచ్చేవాడు.
ఆ చొక్కా మూడు నీళ్ళు తాగితే గాని రంగు బయటపడేది కాదు.
మూతిగుడ్డలు కాంట్రాక్టరు షెడ్డులో
విప్పని మూటలోనే ఉండేవి.
అప్పుడు ఏ రక్షణా కొనలా మేము.
అడగనూ లేదు.

కొత్త బిళ్ళ గోటి కొసన పట్టుకుని
"పెట్టేదా అక్కా" అంది సలోమి.
"ఒక్క నిమిషం" అన్నా.
ఎందుకన్నానో ఆ పిల్ల అడగలా.
మంచం మీంచి కాశిం కూడా ఆ మూలకే చూస్తన్నాడు.
బయట ఇంకోసారి హారన్.
"పెట్టు" అన్నా.

బరువు ముప్పైరెండు టన్నులు. బిల్లు వచ్చింది.
ఏకాంబరం కాగితం మడిచి జేబులో పెట్టుకుపోయాడు.
లారీ లేపిన దుమ్ముకి నేను కిటికీ మూస్తంటే
కాశిం పాత బిళ్ళ అరచేతిలో పెట్టుకుని
"ఇది పొద్దునదా, రాత్రిదా" అన్నాడు.
లాక్కుని పడేశా.

సలోమికి మూడొందలు. బిళ్ళకు ముప్పై, విడిగా.
రాత్రి పద్దు పుస్తకం తీశా.
తేదీ దగ్గర పెన్ను ఆగింది, కదల్లేదు.
లోపల దగ్గు వినపడింది.
రాశా.